సరమ అడిగిన ప్రశ్న

ఒక సంసారకథను ఆ యింటి కుక్క నోట చెప్పించు నవలలు ఈ కాలమున పాశ్చాత్యదేశములలో విరివిగా వెలువడుచున్నవి. యజమాని ఉద్యోగము, ఇల్లాలి దిగులు, పిల్లల తగవులు, ముసలివారి మరణము, ఒక ఇల్లు విడిచి వేరొక ఇంట చేరుట, ఇవి యెల్ల మంచము క్రింద పడుకొన్న ఒక ప్రాణి చూచి చెప్పును. చదువుకొన్న మన పిల్లలు అట్టి పుస్తకమును చేత పట్టుకొని వచ్చి, "ఇటువంటిది మన భాషలో ఉన్నదా?" అని అడుగుదురు. అడుగుట న్యాయమే. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. తరువాత ఆలోచింపగా ఆ బదులు వెదకుటకు కైవారము కంటె తగిన చోటు లేదని తోచినది. ఎందువలన అట్లు తోచినదో ఈ వ్యాసమున విన్నవించెదము.

కైవారము చింతామణి తాలూకాలోని గ్రామము. 2007 వరకు కోలారు జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున ఏర్పడిన చిక్కబళ్లాపుర జిల్లాలో చేరినది. రాగిచేలు, చింతతోపులు, ఎండిన చెరువుగర్భములు, వాని నడుమ నల్లని బండకొండలు. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగువారు ఎక్కడి నుండియో మూట నెత్తిన పెట్టుకొని వచ్చినవారు కారు. ఆ నేల మైసూరు సంస్థానములో నుండెను, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును మైసూరు రాష్ట్రములోనే నిలిచెను. ఇంటిలోని మాట తెలుగు, కచేరిలోని మాట కన్నడము. ఇంటి కుక్క ఇంటిలో "కుక్క", బడి కడ "నాయి". రెండు పిలుపులకును అది తోక ఆడించును. ఈ విషయమున అది మనకంటె మేలు. మనలో కొందరు ఒక పిలుపుకే పలుకుదురు.

ఈ కైవారమే భారతములోని ఏకచక్రపురమని స్థానికుల విశ్వాసము. భీముడు ప్రతిష్ఠించెనని చెప్పు భీమలింగేశ్వరుని ఆలయము ఊరిలో కలదు. బకాసురుడు ఊరి కొండపైన నుండెనందురు. ఏకచక్రపురము తమదే యని చెప్పుకొను ఊళ్లు దేశమున మరికొన్ని లేకపోలేదు. బెంగాలులో బీర్భూము సీమవారు చెప్పుదురు, బీహారులో ఆరా పట్టణమువారును చెప్పుదురు. ఈ వ్యాజ్యమున తీర్పు చెప్పుట మా పని కాదు. లక్కయింటి నుండి తప్పించుకొన్న ఒక కుటుంబము పేరు మార్చుకొని, వేషము మార్చుకొని, పరుల యింట ఒక గదిలో తలదాచుకొన్న కథను తన కథగా ఒక ఊరు తరతరములుగా చెప్పుకొనుచున్నదనుటయే మాకు ముఖ్యము.

బకాసురవధ యనగానే అందరికి బండెడు అన్నము, రెండు దున్నపోతులు, భీముని ఆకలి జ్ఞాపకమునకు వచ్చును. పిల్లలకు చెప్పునప్పుడు మేమును అక్కడనే ఆరంభింతుము. కాని వ్యాసుల వారు అక్కడ ఆరంభింపలేదు. ఒకనాడు తక్కిన నలుగురు కొడుకులు భిక్షకు పోగా కుంతి, భీముడు ఇంట నుండిరి. లోపలి నుండి ఏడ్పు వినవచ్చెను. కుంతి మెల్లగా పోయి చూచెను. ఆ యింటి బ్రాహ్మణుడు, ఇల్లాలు, కూతురు, పసివాడు కూర్చుండి, రాక్షసునికి ఆహారముగా ఎవరు పోవలెనని మాటాడుకొనుచున్నారు. తండ్రి తాను పోదుననును. తల్లి కాదు నేననును. మీరిరువురును లేకున్న మేమెట్లు బ్రతుకుదుము, నేనే పోదునని కూతురు. మాటలు చక్కగా రాని పసివాడు ఒక గడ్డిపరక పట్టుకొని, దీనితో ఆ రాక్షసుని చంపెదననును. అంత ఏడ్పులోను వారు నవ్విరట. ఒక సంసారము లోపలి నిజము ఇంత దగ్గరగా కనబడిన ఘట్టము భారతమున అరుదు. ఇది కనబడుటకు కారణము వినుచున్నది పరాయి మనిషి గనుక. గడప కీవల నిలిచినవారికే ఇల్లు మొత్తము కనబడును.

ఆ సంభాషణలో ఒక మాట మమ్ము ప్రత్యేకముగా నిలువ వేసినది. బ్రాహ్మణుడు భార్యను నిష్ఠురమాడును. ఈ ఊరు విడిచి పోదమని నేను ముందే చెప్పితిని, ఇక్కడ పుట్టి పెరిగితినని, నా తండ్రి ఇక్కడివాడని నీవు కదలవైతివి, ఇప్పుడా తల్లిదండ్రులును లేరు, ఆ చుట్టములును లేరు, మనకీ గతి పట్టినదని అతని వేదన. ఉన్న ఊరు విడుచుటయా, నిలుచుటయా అను వాదము ఆలుమగల మధ్య ఎంత పాతదో చూడుడు. మన ఇండ్లలో ఈ వాదము వినని గోడ యుండదు.

ఆ యింట కుక్క యున్నదని వ్యాసుడు చెప్పలేదు, మేమును చెప్పము. కాని కుంతి నిలిచిన చోటు, నవలలోని కుక్క పడుకొను చోటు, రెండును ఒకటియే. ఇంటిలో నుండియు ఇంటిది కానిది, అన్నియు వినునది, వినుచున్నదని ఎవరికిని స్ఫురింపనిది. కుంతికి నోరున్నది, చేతి క్రింద భీముడున్నాడు. కావున కథ మారెను. కుక్కకు ఆ రెండును లేవు.

భారతమున కుక్కలు వచ్చు చోట్లలో మూడు ముఖ్యమైనవి. ఆ మూటిని ఒక వరుసలో పెట్టి చూచిన వారు తక్కువ. పెట్టి చూచిన అది ఒక వంశచరిత్ర యగును.

ఆదిపర్వారంభమున, కథ ఇంకను మొదలు కాకముందే, సరమ వచ్చును. జనమేజయుడు తమ్ములతో కూడి కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా సరమ కొడుకైన ఒక కుక్కపిల్ల అక్కడకు పోయెను. తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి కడకు వచ్చెను. తల్లి వెంటనే నమ్మలేదు. నీవేదో తప్పు చేసియుందువని ముందు బిడ్డనే అడిగెను. హవిస్సు చూడలేదు, నాక లేదని అది చెప్పెను. అప్పుడామె స్వయముగా యాగశాలకు పోయి, తప్పు చేయని నా బిడ్డను ఏల కొట్టితిరని అడిగెను. ఎవరును బదులు పలుకలేదు. ఎరుగని భయము మీకు వచ్చుగాక యని చెప్పి ఆమె వెడలిపోయెను. జనమేజయుడు కలత చెంది, దోషశాంతికి తగిన పురోహితుని వెదకుచు బయలుదేరెను. రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు పదునొకండవ శతాబ్దిలో భారతమును తెనిగించినప్పుడు ఈ ఘట్టమును విడువలేదు. మన భాషలోని ఆదికావ్యమున మొట్టమొదటి ఫిర్యాదు ఒక కుక్క తల్లిది.

కుక్కను సంస్కృతమున సారమేయమందురు. సరమ బిడ్డ యని అర్థము. తల్లి పేర పిలువబడు జాతి అది. ఈ సరమ పాత మనిషి, మనిషి యనుట తప్పైన క్షమింపుడు. ఋగ్వేదము పదియవ మండలము నూట యెనిమిదవ సూక్తమున ఆమె ఇంద్రుని దూతగా దొంగిలింపబడిన ఆవులను వెదకుచు పణుల కడకు పోవును. వారామెను చెల్లెలిగా చేసికొందుము, ఇక్కడనే యుండుము, ఆవులలో పాలు పంచెదమని ఆశ పెట్టుదురు. ఆమె ఆ చుట్టరికమును త్రోసిపుచ్చును. కుటుంబములో చేర్చుకొందుమన్నంత మాత్రమున చేరని కుక్క, కుటుంబము తప్పు చేసినప్పుడు వాకిటికి వచ్చి అడిగిన కుక్క, రెండును ఒక్క పేరుతో మన వాఙ్మయమున నిలిచినవి.

రెండవ కుక్క పాండవులది. వేటకు పోయిన వారి వెంట నడిచి అడవిలో ఏకలవ్యుని చూచి మొరిగెను. అతడు దాని నోట ఏడు బాణములు నించెను. అది ఆ నోటితోనే తిరిగి వచ్చి పాండవుల యెదుట నిలిచెను. తరువాతిది అందరికి తెలిసినదే. ద్రోణుడు బొటనవ్రేలు అడిగెను, ఏకలవ్యుడిచ్చెను. పండితులు ఈ కథలో గురువును విచారింతురు, శిష్యుని మెచ్చుదురు, అర్జునుని అసూయను తూతురు. కుక్క సంగతి విచారించినవారిని మేము చూడలేదు. అది నోరు మూయబడి వచ్చి, నోరు మెదపకయే ఒక సాక్ష్యమిచ్చినది. ఆ సాక్ష్యము వలన ఎవరికి నష్టము కలిగినదో దానికి తెలియదు. పెంపుడు ప్రాణి మూలముగా పెద్దల గుట్టు బయటపడుట నేటి నవలలలో తరచుగా చూతుము. అది యిచ్చటనే యున్నది.

మూడవది మహాప్రస్థానమందలిది. అయిదుగురన్నదమ్ములు, ద్రౌపది, ఏడవదిగా ఒక కుక్క. దానిని ఎవరును పిలువలేదు. నడిచినంత దూరము నడిచెను. ద్రౌపది పడెను, సహదేవుడు పడెను, నకులుడు, అర్జునుడు, కడపట భీముడు పడిరి. పడిన ప్రతివారిని గూర్చి ఎందుకని భీముడడుగును, ధర్మరాజు వెనుదిరిగి చూడక ఆ కారణము చెప్పును. ద్రౌపదికి అర్జునునిపై పక్షపాతము, సహదేవునికి తెలివిపై గర్వము, నకులునికి రూపముపై, అర్జునునికి విల్లుపై, భీమునికి తిండి, బలము. ఒక కుటుంబము జీవితమంతయు కడుపులో దాచుకొన్న మాటలు అవి. ఇంటిలో నున్నన్నాళ్లు ఎవరును పైకి అనలేదు. నడుచుచు, ఒక్కొక్కరు రాలిపోవుచుండగా, పెద్దవాడు పైకనెను. చివరి మాటను కుక్క యొక్కటే నిలిచి వినెను. తిక్కన సోమయాజి ఆ పర్వమును తెనుగు చేసెను. తెలుగు చదివిన ప్రతి ఇంటను ఒకనాడు అది పారాయణము జరిగెడిది.

ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమన్నాడు. కుక్క రాకున్న నేను రానని ధర్మరాజనెను. తమ్ములను, భార్యను విడిచి వచ్చితివి, కుక్కను విడువలేవా యని ఇంద్రుని యెత్తిపొడుపు. వారు చనిపోయిరి, బ్రతికించుట నా వశము కాలేదు, బ్రతికి యుండి నన్ను నమ్మి వచ్చినదానిని విడువనని ఆయన బదులు. అప్పుడా కుక్క ధర్మదేవతగా కనబడెను. ఈ కడపటి మార్పు మాకు చిన్ననాటి నుండియు కొంచెము అసంతృప్తిగనే యుండును. అది కుక్కగనే యుండిన ధర్మరాజు మాటకు విలువ తగ్గునా?

ఇప్పుడు వరుస చూడుడు. గ్రంథములో దెబ్బ తిన్న కుక్కపిల్ల ముందు, స్వర్గద్వారము కడ కుక్క చివర. పుస్తకము మూయునప్పుడు మన మనసు చల్లబడును. కాని కాలక్రమము దీనికి తలక్రిందు. మహాప్రస్థానము ముందు జరిగినది, సరమ ఫిర్యాదు తరువాత. అర్జునుని కొడుకు అభిమన్యుడు, అతని కొడుకు పరీక్షిత్తు, అతని కొడుకు జనమేజయుడు. పెద్దముత్తాత ఒక కుక్క కొరకు స్వర్గము వలదన్నాడు. ఆ వంశపు నాలుగవ తరమువారు ఒక కుక్కపిల్లను నిష్కారణముగా తన్ని తరిమిరి. ఆ కొట్టిన ముగ్గురు తమ్ములలో ఒకని పేరు భీమసేనుడు. పేరు నిలిచినది, పేరుతో పాటు రావలసినది రాలేదు. కురువంశమున ఏమి నష్టమైనదో చెప్పుటకు వ్యాసుడు రాజులను గాని ఋషులను గాని సాక్షిగా పిలువక సరమను పిలిచెను. ఒక ఇంటి సంగతి దాని వాకిట మూగజీవులకు జరిగినదానిని బట్టి తెలియునని ఆయన యెరుగును.

రాళ్లును ఈ మాట చెప్పుచున్నవి. మండ్య జిల్లా ఆతకూరులో దొరికి, ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున నున్న వీరగల్లు క్రీ. శ. 949-50 నాటిది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు తక్కోలమున చోళ రాజాదిత్యుని గెలిచిన యుద్ధమున గంగరాజు బూతుగుని వీరుడు మణలేరుడు గొప్పగా పోరాడెను. ఏమి కావలెనో కోరుకొమ్మని రాజనగా అతడు కాళి యను వేటకుక్కను కోరెను. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడి, పందియు తానును చచ్చెను. దాని కొరకు చల్లేశ్వరుని ఆలయమున శిల నిలిపి, భూమి ఇచ్చి, ఆ శిలకు పూజ చేయక పూజారి భుజింపరాదని కట్టడి చేసిరి. రాజుల జయము, ఒక కుక్క మరణము ఒక్క రాతి మీదనే చెక్కబడినవి. తిరువణ్ణామలై సీమలో ఎడుత్తనూరు వీరశిల ఇంకను పాతది, పల్లవ మహేంద్రవర్మ కాలము నాటిది. పశువుల మందను కాపాడుచు మడిసిన వీరునితో పాటు అతని కుక్క కోవివను పేరును అందు కలదు. కన్నడనాడును తమిళనాడును చెక్కించిన ఈ రాళ్ల నడుమ మన తెలుగిండ్లు ఉన్నవి. రాయి కుక్క పేరు చెప్పును. కుక్క ఆ యింటిని గూర్చి ఏమనుకొన్నదో రాయి చెప్పదు. దానికి కథ కావలెను.

పడమటివారు ఆ కథ వ్రాసిరి. స్పెయిను దేశపు సెర్వాంతెసు 1613లోనే రెండు కుక్కలకు ఒక రాత్రి మాటలు వచ్చినట్లు వ్రాసెను. అందొకటి తాను కొలిచిన యజమానుల బండారము వరుసగా బయటపెట్టును. రష్యాలో గోగోలు 1835లో ఒక పిచ్చివాని దినచర్యలో కుక్కలు ఒకదానికొకటి జాబులు వ్రాసికొన్నట్లు కల్పించెను. జపానులో నత్సుమే సోసెకి 1905, 1906 సంవత్సరములలో ఒక బడిపంతులు ఇంటిని పిల్లి చేత వర్ణింపజేసెను. వర్జీనియా ఉల్ఫు 1933లో ఎలిజబెతు బారెటు అను కవయిత్రి కుక్క ఫ్లషు జీవితచరిత్ర వ్రాసెను. ఇవి యెల్ల ఒక యెత్తు, 1903లో మార్కు ట్వైను ప్రకటించిన చిన్న కథ ఒక యెత్తు. ఒక తల్లికుక్క నిప్పు నుండి యజమాని పసిబిడ్డను కాపాడును. ఆ యజమాని శాస్త్రజ్ఞుడు. తరువాత అతడు ఒక పరీక్ష కొరకు ఆ తల్లి పిల్లనే గ్రుడ్డిది చేసి చంపును. తల్లి ఆ కూన పాతిపెట్టిన చోట, అది మొలకెత్తి తిరిగి వచ్చునని కనిపెట్టుకొని యుండును. ట్వైను సరమను ఎరిగియుండడు. బిడ్డ దెబ్బ తిన్న తల్లికుక్క పెద్దయింటి వాకిట నిలుచుట మాత్రము రెండు చోట్లను ఒక్కటే. ఒక భేదము. సరమ లోపలికి పోయి అడిగెను. ట్వైను కుక్కకు అడుగుట కూడ తెలియదు.

మన తెలుగు కవులు మూగజీవిని మాటాడించుటకంటె దానికి మాట చెప్పుకొనుటకు ఇష్టపడిరి. జాషువ 1941లో ప్రకటించిన గబ్బిలమున పేదవాడు తన గోడు గబ్బిలమునకు చెప్పి కాశీకి పంపును. గబ్బిలము వినును, పోవును. హితోపదేశమందలి చాకలివాని కుక్క మాత్రము నోరు విప్పినది. దొంగ వచ్చినను మొరగక, యజమాని నా తిండి సంగతి చూచుట లేదని గాడిదతో చెప్పును. గాడిద తాను అరచి దెబ్బలు తినును. పరుల పనిలో తల దూర్చరాదని ఈ కథకు నీతి చెప్పి మనము పిల్లలను నిద్రపుచ్చుచున్నాము. ఆ కుక్క ఫిర్యాదు నిజమా కాదా యని నేటి వరకు ఎవరును విచారింపలేదు.

కైవారమునకు తిరిగి వత్తము. ఈ ఊరి పేరు నేడు తాతయ్య వలన ప్రసిద్ధము. యోగి నారేయణ యతీంద్రులు, పూర్వాశ్రమమున నారాయణప్ప, 1726లో జన్మించి 1836లో జీవసమాధి నొందిరని సంప్రదాయము. బలిజ కులమున పుట్టి, గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర తిరిగి అమ్మెడివారు. తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిరి, కాలజ్ఞానము వ్రాసిరి. వ్యాపారమున ఆయన మనసు నిలువలేదనియు, చేతికి వచ్చినది ఇల్లు చేరెడిది కాదనియు, ఇల్లాలు విసిగెననియు, ఆ పైన ఆయన కొండగుహ చేరి తపస్సు చేసిరనియు చెప్పుదురు. భక్తులు ఈ కథను గుహ నుండి చూతురు. అందువలన ఇల్లాలు గయ్యాళిగా కనబడును. ఆ యింటి వాకిట ఒక కుక్క యున్నదనుకొనుడు. అది గుహలోని తపస్సును చూచియుండదు. పొయ్యి వెలుగని సాయంకాలములను చూచియుండును. తన వంతు సంగటి ముద్ద చిన్నదగుట చూచియుండును. గాజులమ్మిన డబ్బేదని అడిగిన గొంతులో కోపమెంతయో, భయమెంతయో దానికి తెలిసియుండును. తాతయ్యకు మ్రొక్కువారిలో మేమును ఉన్నాము. ఆ కుక్క సాక్ష్యము చెప్పిన తాతయ్య మహిమ తరుగదు, ఆ తల్లి పరువు కొంత నిలుచును. కుటుంబకథను కుక్క చేత చెప్పించుట యను ప్రక్రియకు ప్రయోజనమేమని అడుగువారికి మేము చూపగల దృష్టాంతము ఇదియే.

అట్టి నవల మన సీమలో పుట్టిన అది ఏ భాషలో నుండవలెను? ఈ ప్రశ్న మమ్ము చాల రాత్రులు వదలలేదు. మా ఇండ్లలో తాతలు తెలుగు చదివిరి, వ్రాసిరి, భారతము రాగముతో వినిపించిరి. తండ్రులు కన్నడము చదివిరి, తెలుగు మాటాడిరి, ఉత్తరము వ్రాయవలసివచ్చిన తడబడిరి. మనుమలు అవ్వ చెప్పిన తెలుగును పూర్తిగా గ్రహింతురు. లేచి పనియు చేయుదురు. బదులు మాత్రము కన్నడమున గాని ఇంగ్లీషున గాని వచ్చును. కుక్కయు అంతే కదా, అన్నియు తెలియును, మాట రాదు. ఈ పోలిక పిల్లలకు కోపము తెప్పింపకుండుగాక. తప్పు వారిది కాదు. వాకిట నిలిచి, నా బిడ్డను ఏల ఇట్లు చేసితిరని అడుగవలసిన సరమ వచ్చినచో, యాగశాలలో జనమేజయుని తమ్ముల వలె తల వంచుకొని కూర్చుండవలసినది మా తరము.

మొన్న కైవారము పోయినప్పుడు భీమలింగేశ్వరుని గుడి ముందు నీడలో ఒక ఊరకుక్క పడుకొనియుండెను. మా వెంట వచ్చిన చిన్నవాడు కొబ్బరిచిప్పలోని ముక్క దాని ముందు వేసి, తెలుగున "తిను" అని, అది కదలకుండుట చూచి కన్నడమున "తిన్ను" అనెను. అది మొదటి మాటకే లేచినదా, రెండవ మాటకు లేచినదా యని వాడును మేమును బస్సులో ఊరు చేరువరకు వాదులాడుకొంటిమి.